ఎనకద్దం

ఆషాడం గాలి ఉరవకొండలో
తలుపు కొట్టి మరీ పలకరిస్తాది.
ఊరి బయట గాలిమరలు గుయ్యిమంటాంటే
మా కొట్టు రేకు తాళమేస్తాది.

అట్లాంటి పొద్దున
కండక్టరు కుళ్ళాయప్ప లోపలికొచ్చి
ముందు తలుపేసినాడు,
తర్వాతే నెత్తి మీది సెయ్యి తీసినాడు.

పేరులోనే కుళ్ళాయి పెట్టుకోని పుట్టిన మనిషి.
పన్నెండేండ్లుగా నా గిరాకీ.
ఆయన తలకాయ నాకు
సొంత కయ్య మాదిరి తెలుసు.
మొదట్లో పాపిడి కనుబొమ్మ నడిమికుండేది.
కరువొచ్చిన ఏడు ఒక వేలు కిందికి దిగింది.
బళ్ళారి రూటుకి మార్చిన ఏడు ఇంకో వేలు.
పక్కోని సేన్లోకి గెనెం జరిపినట్ల
సప్పుడు కాకుండా
ఏడాదికింత, ఏడాదికింత,
ఇప్పుడు ఎడమ చెవి మీదికొచ్చి ఆగింది.
జరిపింది ఆయనొక్కడే కాదు.
దువ్వెన నాదే.

"ఓబులేసూ, ఇట్ల కావల్లప్పా" అని
సెల్లు నా మొగానికి పెట్టినాడు.
ఎవరో పిల్లోడు. పక్కలు నున్నగా గీకి,
పైన మాత్రం వాన ముందర కొర్రసేను
ఒక దిక్కుకి ఒరిగినట్ల జుట్టు.

"అదీ పక్కదువ్వుడే గదా?
నాదీ పక్కదువ్వుడే గదా?"

నేను నవ్వల్యా.
"ఆ పిల్లోని కాడ సెనిక్కాయలు దండిగుండాయి సామీ,
ఆరబోసినాడు.
మనం పిడికెడు కాయల్ని
కల్లమంతా పరుస్తాండాం."

అనేసినాక నాలుక కరుసుకున్యా.
పన్నెండేండ్లలో ఈ కుర్చీ కాడ
ఆ మాట ఎవురూ అన్ల్యా.

గాలి తలుపు తోస్తాంది.
"పోయేటప్పుడు ఎనక గాలి.
అనంతపురం నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎదురు గాలి.
ఒక సేత్తో టికెట్టు మిషను, ఒక సేత్తో ఇది.
సిల్లరియ్యల్లంటే మూడో సెయ్యి యాడ తెచ్చేది?" అని
ఇంగ ఊరుకున్నాడు.

సుడి ఎతికినా.
రెండు సుళ్ళుంటే రెండు పెండ్లిండ్లంటారు.
ఈయనకి ఒకటే. దాని సుట్టూ కూడా ఖాళీ.
సుడి ఎటు సెప్తే పాపిడి అటు,
మా నాయన నేర్పిందాంట్లో
కరెంటు మిషన్లొచ్చినాక కూడా పనికొచ్చేది ఇదొకటే.

పక్కలకి రెండో నంబరు. పైన రెండేళ్ళ మందం.
పొడుగు పాయ జానెడుంది.
కత్తెర పెట్టేముందర "కొయ్యల్నా?" అంటి.
కండ్లు మూసుకోని "ఊ" అన్నాడు.
తెల్లగుడ్డ మీద పడిందాన్ని
ఏలికి సుట్టుకోని సూసి
సిల్లర సంచిలో ఏసుకున్నాడు.
ఎందుకని నేనడగల్యా.

తడి మీదనే దువ్వి, పాపిడిని
చెవి మీద నుంచి పైకెత్తి
కనుబొమ్మ కొసకి తెచ్చి నిలబెట్టినా.
కొబ్బరినూనె వద్దన్యా, తడిసిన కాకి మాదిరైతాది.
కందిగింజంత మైనం, అరసేతుల్లో కరిగేదాకా రుద్ది
ఏళ్ళతో పైపైన.

మేకుకి ఎనకద్దం ఏలాడ్తాంటాది.
అందరికీ సూపిస్తా, ఆయనకి తప్ప.
ఆయనా ఎప్పుడూ అడగల్యా.
నోటితో అనుకున్న ఒప్పందం కాదది.
ఈ పొద్దు సెయ్యి సాపి
"ఇట్లియ్యి" అన్నాడు.

దుమ్ము ల్యాకపోయినా తుడిసినా,
రెండుసార్లు.

రూపాయి బిళ్ళంత అనుకున్యాడేమో.
జొన్నరొట్టంత కనపడింది.
"ఇంతుందా?"
"ఇంతే సామీ."
ఇంకొంచేపు సూసినాడు, పక్కింటోళ్ళ ఇల్లు సూసినట్ల.
డబ్బులిచ్చి, తలుపు తీసి,
గాలిలోకి నడిసిపాయ.

ఆరింటి బస్సు మా కొట్టు ముందర మలుపు తిరిగింది.
ఫుట్‌బోర్డు మీద ఆయన.
ఎవరో ముసలామె ఐదునూర్ల నోటిచ్చినట్లుంది,
రెండు సేతుల్తో సిల్లర ఎంచుతాండాడు.

ముందర నాలుగెంటికలు లేసి నిలబడినాయి.
మైనం తక్కువేసినా.
రేపు బస్టాండు కాడ కనపడితే సెప్పల్ల.